వదిలేసిన ఫొటోలు

పత్రికాఫీసులో కెమెరాలు వెనక్కి తీసుకున్న రోజున ఫొటోగ్రాఫరు రిజిస్టరులో సంతకం పెట్టాడు. బ్యాగు బల్ల మీద పెట్టాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఇకనుంచి అందరూ ఫోనుతోనే తీయాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. బ్యాగు తీసుకున్న చేత్తోనే అతనికో ఫోను, దాని చార్జరు ఇచ్చారు.

ఫోనుతో అతనికి పొసగలేదు. కెమెరా బటన్‌కు రెండు అంచెలు ఉంటాయి. సగం నొక్కితే లెన్సు మనిషిని పట్టుకుంటుంది, వెలుతురు చూసుకుంటుంది, ఆగుతుంది. పూర్తిగా నొక్కితేనే ఫొటో పడుతుంది. అతని పనంతా ఆ రెంటి మధ్యే జరిగేది. సగం నొక్కి నిలబడేవాడు. అవతలి మనిషి మొహం చూసేవాడు. తీయొచ్చు అనిపిస్తే నొక్కేవాడు. వద్దనిపిస్తే వేలు ఎత్తేసేవాడు. ప్రమాదం జరిగిన చోట ఏడుస్తున్న తల్లి తలెత్తి చూసిందంటే ఫొటో లేనట్టే. కోర్టు వరండాలో సంకెళ్ళు వేసిన మనిషి కూతురికి ముద్దు పెడుతుంటే అదీ లేనట్టే.

ఆఫీసులో అందుకే అతనికి ‘సగం నొక్కుడు’ అని పేరు పెట్టారు.

“సగం నొక్కుడుగారు వచ్చారు. సగం ఫొటో తెచ్చి ఉంటారు, సగం పేజీ ఖాళీ ఉంచండి” అని డెస్కులో ఒకడు అరిచేవాడు. అందరితోపాటు అతనూ నవ్వేవాడు. జనం అతని ముందు నిలబడేవారంటే ఆ వేలి మీది నమ్మకంతోనే. ఆ సంగతి అతనికి తెలుసు.

ఫోను తెరకి అలాంటి మర్యాదలేమీ లేవు. వేలు ఆనితే పడిపోతుంది, ఆనకపోతే లేదు. మొదటి నెలలో తన చెప్పుల ఫొటోలు నలభై తీశాడు. కొత్త వంతెనకు రిబ్బను కత్తిరిస్తుంటే, రిబ్బను కిందపడి అందరూ టీకి వెళ్ళాక క్లిక్కుమంది.

“వంతెన ఎలాగూ అక్కడే ఉంటుందిలే అన్నా, రేపు మళ్ళీ తీద్దువు” అన్నాడు ఇన్‌ఛార్జి.

ఇన్‌ఛార్జి అంటే డెస్కు ఇన్‌ఛార్జి. పద్దెనిమిదేళ్ళ క్రితం ట్రైనీగా వచ్చి నాలుగేళ్ళు ఫొటోగ్రాఫరు వెంట తిరిగాడు. పని అంతా అతని దగ్గరే నేర్చాడు. ఊళ్ళో తనవాళ్ళు ఎవరూ లేక ఆ నాలుగేళ్ళూ ఫొటోగ్రాఫరు అన్నావదినల ఇంట్లోనే తిన్నాడు. వదినను తనూ వదినా అనే పిలిచేవాడు. తర్వాత కెమెరా వదిలి డెస్కులోకి మారాడు, మెట్టు మెట్టూ ఎక్కాడు. ఇప్పుడు మొదటి పేజీలో ఏం పడాలో అతనే చెప్తాడు.

ఒక మధ్యాహ్నం ఇన్‌ఛార్జి అతన్ని గదిలోకి పిలిచి ఓ పెట్టె ముందుకు తోశాడు. లోపల పిడి లాంటిది ఉంది. ఫోను అందులో దిగుతుంది. కుడివైపు, పైన, బటన్.

“నొక్కి చూడన్నా.”

ఫొటోగ్రాఫరు నొక్కాడు. సగంలో వేలికి చిన్న అడ్డు తగిలింది. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తగిలింది. అతని కళ్ళు చెమర్చాయి.

“ఎక్కడ పట్టావురా ఇది?”

“పట్టానులే. ఆఫీసు కొననంది. నీకు ఇది లేకపోతే మాకు ఫొటోలు లేవని చెప్పి కొనిపించా.” ఇన్‌ఛార్జి ఫోను తీసుకుని దాని యాప్ ఎక్కించాడు, తనే ఏవేవో నొక్కాడు. “సెట్టింగుల జోలికి మాత్రం వెళ్ళకు. గజిబిజి అయిపోతావు. అన్నీ నేను పెట్టేశా. ఫొటోలు వాటంతటవే డెస్కుకి వచ్చేస్తాయి.”

ఆ సాయంత్రం ఫొటోగ్రాఫరు దాన్ని వదినకు చూపించాడు. ఆవిడ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది, టకటకా నాలుగుసార్లు నొక్కింది.

“ఈ బొడిపె కోసమా నెల రోజులు మొహం వేలాడేసుకున్నావు? చెప్తే మా ఫ్యాక్టరీలో పాత మెషీనుది ఒకటి పీకి తెచ్చేదాన్నిగా.”

“అది నీ మెషీనుకి పనికొస్తుంది వదినా.”

“నీకు పనికొచ్చేది ఏదీ లేదని మీ అన్న ఎప్పుడో తేల్చాడు” అంది. పక్క గదిలోంచి అన్న, “నన్నెందుకు లాగుతావు మధ్యలో” అన్నాడు. అన్న స్కూలు బస్సు నడుపుతాడు. ఫొటోగ్రాఫరు పై వాటాలో ఒంటరిగా ఉంటాడు, భోజనం కింద వాళ్ళతోనే. ఆ వారమంతా చేయి అలవాటు కావడానికి ఇంట్లో కనబడ్డవన్నీ సగం నొక్కుతూ, వదిలేస్తూ తిరిగాడు.

వదిన పని చేసేది గాజు సీసాల ఫ్యాక్టరీలో. వెలుగుతున్న తెర ముందు నుంచి సీసాలు వరసగా వెళ్తుంటాయి. గీత ఉన్నదాన్ని, బుడగ ఉన్నదాన్ని చూసి తీసి పక్కన పడేయాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఇప్పుడక్కడ గొడవ నడుస్తోంది. ఉన్నవి రెండు ఫర్నేసులు. రెండోది ఆర్పేస్తామని మేనేజిమెంటు అంది. గాజు ఫర్నేసును పొయ్యిలా ఆర్పి మళ్ళీ వెలిగించడం కుదరదు. చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి, మొత్తం కొత్తగా కట్టాలి. కట్టరని అందరికీ తెలుసు. ఆరిందంటే సగంమంది ఇంటికే. అందుకని పనివాళ్ళు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. మాట్లాడటానికి వదినను ఎన్నుకున్నారు. ఒకే షరతు పెట్టుకున్నారు. మేనేజరును ఎవరూ విడిగా కలవకూడదు. మాటలన్నీ క్యాంటీనులో, తలుపులు తీసి, అందరి ముందూ.

ఆ షరతు పెట్టిందే వదిన.

తొమ్మిదో రోజు మాటలు మధ్యాహ్నం మూడింటి దాకా సాగి తెగకుండానే ఆగిపోయాయి. అందరూ గేటు వైపు వెళ్ళారు. ఫొటోగ్రాఫరు క్యాంటీను వెనక వరండాలోంచి వస్తున్నాడు. వరండా చివర మెట్ల మీద వదిన కూర్చుని మోకాలు పట్టుకుని ఉంది. ఆ మోకాలు రెండేళ్ళుగా ఆవిడ మాట వినడం లేదు. పైనుంచి మేనేజరు దిగుతూ ఆవిణ్ణి చూసి ఆగాడు, చేయి చాచాడు. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, ఆ చేయి పట్టుకుని లేచింది.

అప్పటికే ఫోను పైకి లేచింది. బటన్ సగం దిగింది. అది అతను ఆలోచించి చేసింది కాదు, చేయి చేసింది.

ఆవిడ చూసింది. “అబ్బాయ్, వద్దు.”

అతను వేలు ఎత్తేశాడు. మేనేజరు తన దారిన వెళ్ళిపోయాడు. వదిన కుంటుకుంటూ దగ్గరికి వచ్చింది.

“తీశావా?”

“లేదు వదినా.”

“చూపించు.”

ఎన్నడూ అలా అడగలేదు ఆవిడ. అతను ఫోను తెరిచి చూపించాడు. చివరి ఫొటో గేటు దగ్గరి బ్యానరు. దాని ముందుది కూడా బ్యానరే.

“ఏమనుకోకు” అంది. “ఇది ఎవరి కళ్ళ పడ్డా నన్ను బతకనివ్వరు.”

“తీయనిది ఎవరి కళ్ళ పడుతుంది?” అన్నాడు.

మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర పేపరు విప్పాడు. మొదటి పేజీలో, మడతకు పైన, వదిన, మేనేజరు. చేతిలో చేయి. ఇద్దరి పళ్ళూ కనబడుతున్నాయి. నవ్వుతున్నట్టే ఉన్నారు. పైన ‘చేతులు కలిశాయి’ అని శీర్షిక. కింద చిన్న అక్షరాల్లో ‘ఫొటో: స్టాఫ్ ఫొటోగ్రాఫర్’.

ఆ ఊళ్ళో ఆ పత్రికకు స్టాఫ్ ఫొటోగ్రాఫరు ఒక్కడే.

టీ అలాగే వదిలేసి ఇంటికి వచ్చాడు. అన్న గుమ్మంలోనే ఉన్నాడు. బస్సు తీసే వేళ దాటిపోయింది, అయినా ఉన్నాడు.

“పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళింది. కూర్చోనివ్వలేదట. పంపించేశారు” అన్నాడు. తమ్ముడి మొహం వంక చూడలేదు. “లోపలుంది. వెళ్ళు.”

వదిన వంటగదిలో బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా పేపరు.

“తీయలేదన్నావు.”

“తీయలేదు.”

“మరి నీ ఫోనుకి దయ్యం పట్టిందా?”

“వదినా, నిజంగా నాకు తెలియదు. వేలు ఎత్తేశాను. నువ్వూ చూశావుగా.”

“చూశాను. చూపించమంటే చూపించావు కూడా. బ్యానరు ఫొటో. అది చూసి ఇంటికొచ్చే దారంతా సిగ్గుపడ్డాను, పెంచిన మరిదిని అనుమానించానేంటా అని.” పేపరు అతని వైపు తిప్పింది. “ఇందులో నేను నవ్వుతున్నానా?”

అతను వంగి చూశాడు. మోకాలి నొప్పికి పళ్ళు బిగబట్టిన మొహం అది. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. ఊళ్ళో మిగతావాళ్ళకు అది నవ్వే.

“పన్నెండింటికి మీటింగు” అంది వదిన. “నన్ను తీసేస్తారు. నేను పోతే పోయాను. ఫర్నేసు ఆర్పడానికి సరేననేవాళ్ళు అప్పుడే వరసలో నిలబడి ఉన్నారు. ఇవాళ నన్ను తీసేస్తే రేపు సంతకం, ఎల్లుండి ఫర్నేసు చల్లారిపోతుంది. నాకేం చెప్పకు నువ్వు. చెప్పేదేదైనా ఉంటే అక్కడికొచ్చి చెప్పు.”

ఇన్‌ఛార్జి ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. ఫొటోగ్రాఫరు పేపరు బల్ల మీద పడేశాడు.

“ఇది ఎక్కడిది?”

“నీదే అన్నా. పేరు కూడా వేశాంగా.”

“నేను తీయలేదు.”

“సగం నొక్కావు” అన్నాడు ఇన్‌ఛార్జి. కంప్యూటరు తెర అతని వైపు తిప్పాడు. “ఈ యాప్‌లో ఓ సదుపాయం ఉంది. సగం నొక్కగానే మొదలుపెడుతుంది. అంతకుముందు కొన్ని, ఆ తర్వాత కొన్ని, మొత్తం ముప్పై ఫ్రేములు దాచుకుంటుంది. నీ గ్యాలరీలో కనబడవు, వేరే చోట ఉంటాయి. డెస్కుకి వచ్చేస్తాయి.”

తెర మీద ముప్పై చిన్న బొమ్మలు. వదిన మెట్ల మీద కూర్చుని ఉంది. మోకాలు పట్టుకుని ఉంది. మేనేజరు చేయి చాచాడు. ఆవిడ తటపటాయించింది. పట్టుకుంది. లేచింది. వదిలేసింది. అంతా వరసగా ఉంది. పదిహేడో బొమ్మ చుట్టూ మాత్రం ఎర్ర గీత.

“ముప్పైలో ఇదొక్కటే దొరికిందా నీకు?”

“వార్త ఉన్నది ఇందులోనే.”

“వదినరా అది. ఆవిడ చేతి తిండి తిన్నావు నాలుగేళ్ళు.”

ఇన్‌ఛార్జి తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత అన్నాడు, “అన్నా, నీ వెంట తిరిగినప్పుడు బ్యాగు మోస్తూ లెక్కపెట్టేవాణ్ణి. రోజుకి ఎన్ని వదిలేస్తున్నావా అని. నువ్వు తెచ్చినవాటికంటే వదిలేసినవే బాగుండేవి. అవన్నీ పత్రికవి. చేతులారా పారబోశావు ఇన్నేళ్ళూ. నీకు మంచితనం పేరు, మాకు సగం పేజీ ఖాళీ.”

“అందుకని ఈ బటన్ ఇచ్చావా?”

“నువ్వు వదిలేసేవే నాకు కావాలి.”

ఆ మాట అతను గొంతు పెంచకుండానే అన్నాడు. పిడి ఇచ్చిన రోజున తన కళ్ళు చెమర్చడం వీడు చూశాడని ఫొటోగ్రాఫరుకు గుర్తొచ్చింది. తల కొట్టేసినట్టయింది.

“సవరణ వెయ్యి. ఇప్పుడే, ఆన్‌లైన్‌లో.”

“రేపు లోపలి పేజీలో వివరణ వేద్దాంలే.”

“మీటింగు పన్నెండింటికి.”

“అదేదో వాళ్ళు చూసుకుంటారు.”

“నా ఫోనులో ఇవి ఎక్కడున్నాయో చూపించు.”

ఇన్‌ఛార్జి ఫోను అందుకున్నాడు. సెట్టింగుల్లోకి, అందులోంచి ఇంకోదాంట్లోకి, అందులోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళి తెరిచాడు. వెంటనే ఇవ్వలేదు. “ఇది పట్టుకెళ్ళి అక్కడ తెరవకన్నా. నీ మంచికే చెప్తున్నా. ఇందులో ఏమేం ఉన్నాయో నువ్వింకా చూడలేదు.”

గడియారంలో పదకొండున్నర అయింది. ఫొటోగ్రాఫరు ఫోను లాక్కుని బయటికి నడిచాడు.

గేటు ముందు రెండు వందల మంది దాకా ఉన్నారు. వదిన పక్కగా, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ చుట్టూ నాలుగడుగుల మేర ఎవరూ లేరు. ఫొటోగ్రాఫర్ని చూసి ఒకరిద్దరు కేకలు వేశారు.

“రావయ్యా! ఇంకో పోజు కావాలా? మేనేజరుని పిలవమంటావా?”

“వదినా మరిదీ కలిసి బాగానే నడిపారు!”

అతను గేటు దగ్గర వేసిన క్యాంటీను బల్ల ఒకటి ఎక్కి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతనికి మాటలు రావు, చేతకాదు, అయినా చెప్పాడు. సగం నొక్కడం అంటే ఏమిటో చెబుతుంటే కొందరు నవ్వారు. ముప్పై బొమ్మలూ తెరిచి ఫోను కిందికి అందించాడు. ముందు వరసలో ఫర్నేసు మేస్త్రీ తీసుకున్నాడు. వదిన మీద ఆ పొద్దున అందరికంటే ఎక్కువ అరిచింది ఆయనే. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ జరిపి చూశాడు. కూర్చోవడం. మోకాలు. చేయి. లేవడం. మళ్ళీ మొదట్నుంచి చూశాడు.

“మోకాలే” అన్నాడు గట్టిగా. “ఆవిడ మోకాలికి చేయి పట్టుకుంది. ఇద్దరూ మాట కూడా ఆడలేదు. కావాలంటే రండి, చూసుకోండి.”

ఫోను చేతులు మారింది. వదిన చుట్టూ ఉన్న ఖాళీలోకి ఒకామె వెళ్ళి నిలబడింది, తర్వాత ఇంకొకామె. మేస్త్రీ వెళ్ళి, “తప్పయింది” అన్నాడు. “నీ నోరు నాకు కొత్తా” అంది వదిన. ఫొటోగ్రాఫరు బల్ల మీదనుంచి దిగాడు. పొద్దుటినుంచి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

ఫోను మాత్రం ఇంకా జనంలోనే తిరుగుతోంది. ముప్పై దగ్గర ఎవరూ ఆగలేదు.

“ఇది మనవాడు కదూ?” అన్నారెవరో. రాత్రి కాపలా కాయాల్సిన ప్యాకింగు మనిషి, పెట్టెల వెనక నిద్రపోతూ. నవ్వులు లేచాయి. వేలు ఇంకో వరస జరిపింది. టెంటు వెనక మేస్త్రీ తలను గోడకు ఆనించి ఏడుస్తున్నాడు. నవ్వులు ఆగాయి. మేస్త్రీ ఫోను వైపు చూశాడు, ఫొటోగ్రాఫరు వైపు చూశాడు. ఇంకో వరస. ప్యాకింగులో పనిచేసే అమ్మాయి, టెంటు మూల బిడ్డకు పాలిస్తోంది.

అమ్మాయి ఫోను లాక్కుని చూసుకుంది.

“ఇది నేను.”

“నేను వదిలేశానమ్మా అది” అన్నాడు ఫొటోగ్రాఫరు. “నువ్వలా ఉన్నావని చూడగానే వేలు తీసేశాను.”

“ముప్పై ఉన్నాయి.”

అతను ఫోను కోసం చేయి చాచాడు, ఆమె ఇవ్వలేదు.

“ఎవరెవరు చూశారు?”

“డెస్కులో ఉంటాయి. నాకు తెలియదు. నిజంగా తెలియదు.”

ఎవరూ కేకలు వేయలేదు. అంతకుముందు వేసినవాళ్ళు కూడా వేయలేదు. అమ్మాయి ఫోను కింద పెట్టబోయి, వదిన చేతిలో పెట్టింది. వదిన అద్దాలు పైకి తోసుకుని, పైకి జరుపుకుంటూ పోయింది. గేటు, టెంటు, కోర్టు, ఆసుపత్రి. ఇంకా వెనక్కి. వంటగది. బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్న ఆవిడే. బనీనుతో అన్న. తల దువ్వుకుంటూ, వెంట్రుకలు దువ్వెనకు ఎన్ని వచ్చాయో చూసుకుంటున్న ఆవిడే.

“మా ఇల్లు కూడానా?” అంది.

“అలవాటు చేసుకుందామని... మొదటి వారం...”

“ఇవి కూడా వాడి దగ్గరున్నాయా?”

“ఉన్నట్టే.”

ఆవిడ ఫోను ఇచ్చేసింది. మీటింగు మొదలైంది. చేతులెత్తి ఓటు వేశారు, వదినే ఉండాలన్నారు. తర్వాతి మాటలు సోమవారం. ఫర్నేసు అప్పటిదాకా మండుతుంది, ఆ పైన చూడాలి. ఫొటోగ్రాఫరు ఇవన్నీ రోడ్డు అవతలినుంచి విన్నాడు. అతను దగ్గరికి జరిగితే మనుషులు మొహాలు అటు తిప్పుకుంటున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు బిడ్డతల్లికి అడ్డంగా జరిగి నిలబడ్డారు.

సాయంత్రం ఇన్‌ఛార్జి ఫోను చేశాడు.

“మీటింగు ఫొటోలు రాలేదేంటన్నా?”

“తీయలేదు.”

“అదేంటి, ఒక్కసారి సగం కూడా నొక్కలేదా?”

ఫొటోగ్రాఫరు ఫోను పెట్టేశాడు. పిడిలోంచి దాన్ని ఊడదీసి, పిడిని అటకమీద పడేశాడు. ముప్పైల మీద ముప్పైలు తుడిచేశాడు. తన ఫోనులో తుడిస్తే డెస్కులో చెరగవని తెలుసు. అయినా చివరిదాకా తుడిచాడు.

ఎనిమిదింటికి కిందికి దిగబోతుంటే మెట్ల మీద అన్న ఎదురయ్యాడు. చేతిలో క్యారియరు ఉంది.

“మీ వదిన పంపింది.”

“కిందే తింటాగా. దిగుతూనే ఉన్నాను.”

అన్న పక్కకు తప్పుకోలేదు. “కొన్నాళ్ళు పైనే తిను.”

“నన్ను నమ్మలేదా?”

“ఎందుకు నమ్మదు? నువ్వు అబద్ధం చెప్పలేదని వీధిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్తోంది. ఆ ఇన్‌ఛార్జిగాడు గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంటోంది.” అన్న క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “నీ ఎదురుగా ఎలా కూర్చోవాలో తెలియడం లేదంటోంది. అంతే. ఇంకేం అనలేదు.”

ఫొటోగ్రాఫరు క్యారియరు అందుకున్నాడు. వేడిగా ఉంది. అన్న రెండు మెట్లు దిగి ఆగాడు, ఏదో అనబోయి మానేసి, బనీను మీద చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు.